ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారి జాబితా

మాల్టా దేశంలో ఇంగ్లీషు నూటికి ఎంతమందికి వచ్చునో తేల్చడానికి నియమించబడిన భాషాసంఖ్యా సంఘం, పదకొండేళ్ళ నిర్విరామ కృషి అనంతరం, సదరు సంఖ్య సున్నాకీ వందకీ మధ్య ఎక్కడో ఉన్నదని ఏకగ్రీవంగా తీర్మానించినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

తీర్మానం విని ప్రజలు సంతోషించారు. తాము వంద దగ్గరా, పక్కింటివాళ్ళు సున్నా దగ్గరా ఉన్నట్లు ఎవరికి వారే అర్థం చేసుకున్నారు. అందరినీ ఇంతగా తృప్తిపరచిన అంకె ఈ ద్వీపంలో ఇంతకుముందు వెలువడలేదు. మంత్రిగారొక్కరే తృప్తిపడలేదు. ఆయనకి ప్రసంగంలో చదవడానికి ఒక ఖచ్చితమైన అంకె కావలసివచ్చింది.

ఆ అంకె తెచ్చే భారం సంఘం కార్యదర్శి విస్తిన్ జెరాఫా మీద పడింది. ఇంటిపేరు జెరాఫా అయినా మనిషి పొట్టి, మెడ ఇంకా పొట్టి. వయసు యాభై ఎనిమిది. గది తలుపు మీద ఇత్తడి పలకలో 'కార్యదర్శి (తాత్కాలిక)' అని ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆయన ఆ రెండు బ్రాకెట్ల మధ్య ఇరుక్కుని ఉన్నాడు. ఈలోగా ఇద్దరు మనవలు పుట్టి తాతయ్యాడు గానీ తాత్కాలికం పోలేదు. "నీది తాత్కాలికం కాదు, తాతకాలికం" అంటుంది భార్య సాల్వీనా. ఈసారి అంకె తెస్తే బ్రాకెట్లు తీసేస్తామని సంఘాధ్యక్షుడు డాక్టర్ ఎడ్గార్ మామో మాట ఇచ్చాడు. మామో అన్నది ఆయన ఇంటిపేరు. వరస కాదు. డాక్టరు అన్నది వైద్యానికి కాదు, వకాల్తాకి. ఇక్కడ వకీళ్ళనీ డాక్టరనే పిలుస్తారు. ఇద్దరి దగ్గరికీ నొప్పితోనే వెళతాం కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

లెక్కల సంఘాన్ని ఎవరూ లెక్కచేయకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కానీ విస్తిన్ కష్టం వేరు. మొదటిసారి "మీకు ఇంగ్లీషు వచ్చా" అని ఇంటింటా అడిగించాడు. నూటికి తొంభై ఆరుగురు వచ్చన్నారు. అనుమానం వచ్చి, రెండోసారి "మీ పక్కింటివారికి వచ్చా" అని అడిగించాడు. నూటికి నలుగురికి వచ్చని తేలింది. రెండూ కూడి రెండుతో భాగిస్తే యాభై. చూడడానికి ఎంతో శాస్త్రీయంగా ఉంది. మంత్రిగారు మాత్రం "ఏ సగానికి వచ్చు?" అని అడిగారు. 

అసలు చిక్కేమిటంటే ఇక్కడ మనుషులకి భాషలు విడివిడిగా రావు, పప్పూ నెయ్యీలాగా కలిసివస్తాయి. కూరగాయల బండివాడు వంకాయని సొంతభాష మాల్టీలో అరుస్తాడు, ధర ఇంగ్లీషులో చెబుతాడు. ఫోను నంబరు ఇంగ్లీషులో ఇస్తారు, తప్పు నంబరు కలిస్తే మాల్టీలో తిడతారు. పెళ్ళిపిలుపు ఇంగ్లీషు, పెళ్ళిలో కొట్లాట మాల్టీ. డాక్టరు దగ్గర జబ్బు పేరు ఇంగ్లీషు, మూలుగు మాల్టీ. ఇలాంటి మనిషిని నిలువునా కోసి, ఈ చెయ్యి ఇంగ్లీషుది, ఆ కాలు మాల్టీది అని పంచడం ఏ కార్యదర్శికి సాధ్యం, అందులోనూ తాత్కాలిక కార్యదర్శికి?

మూడో మార్గం డాక్టర్ మామోకే తోచింది. "జనాన్ని ఏం వచ్చో అడిగితే గొప్పలు చెబుతారు. ఏం వాడుతున్నారో అడగండి" అన్నాడు. దాని ప్రకారం కొత్త ఫారం తయారైంది. ఇంట్లో ఉండేవారందరి పేర్లూ, వయసులూ రాయాలి. ఒక్కొక్కరితో ఏ భాషలో మాట్లాడతారో రాయాలి. చదువు, వృత్తి, వివాహం, స్వభావం అని చివర నాలుగు గడులు. తప్పుడు సమాచారం ఇస్తే మూడు వందల యూరోల జరిమానా. ఫారం ఇంగ్లీషులో అచ్చయింది. ఇంగ్లీషు రానివారు ఇంగ్లీషు వచ్చినవారి చేత చదివించుకోవాలని కింద ఇంగ్లీషులోనే సూచన ఉంది.

ప్రయోగానికి ఎంచుకున్న ఊరు హల్ బినో. జనాభా ఆరువేలు. విస్తిన్ సొంత ఊరు. సెయింట్ పౌలు ఉత్సవం దగ్గరపడి, వీధుల్లో జెండాలు కడుతున్న వారంలోనే ఊరి బ్యాండు క్లబ్బువాళ్ళు ఫారాలు పంచి, నింపినవి పోగుచేసి ఇచ్చారు. జనం చాలా నిజాయితీగా నింపారు. జరిమానా ఉన్నచోట నిజాయితీ బాగా పండుతుంది.

ఫలితం చూసి సంఘం నిర్ఘాంతపోయింది. హల్ బినోలో 'ఇంగ్లీషు మాత్రమే' అన్న గడిలో ఆరువందల పదకొండు మంది తేలారు. మాల్టీ ముక్క కూడా తెలియకుండా, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇంగ్లీషులోనే బతుకుతున్న శుద్ధులు. దొరల పాలన పోయి అరవై ఏళ్ళు దాటాక ఇంతమంది ఒక్క ఊళ్ళో మొలకెత్తడం మామూలు సంగతి కాదు.

సంఘంలోని మేధావులు వెంటనే నివేదిక రాయడానికి కూర్చున్నారు. ఈ ఆరువందల పదకొండు మందీ పదిహేనేళ్ళలోపువారే. ఒక్క ముసలాయన మినహాయింపు. కాబట్టి ఇది కొత్తతరం సాధించిన విజయమని విద్యాశాఖ తన ఖాతాలో వేసుకుంది. పదిహేను దాటాక ఇంకొక్కరూ ఎందుకు మిగలడం లేదు? హైస్కూల్లో చెడుసావాసం పట్టి మాల్టీ అంటించుకుంటున్నారని ఒకరు రాశారు. ఫుట్‌బాల్ అని మరొకరు. చదువు గడిలో అందరికీ సున్నా ఉంది. ఇది విద్యాశాఖని కొంచెం ఇబ్బందిపెట్టినా, 'వీరిది మౌఖిక సంప్రదాయం' అని సర్దుకున్నారు. వృత్తి గడిలో నూటికి డెబ్భై ఒక్కరికి 'కాపలా' అని ఉంది. ఆరేళ్ళ పిల్లలు రక్షణరంగంలో ఉపాధి పొందుతున్నారంటే అది ఇంగ్లీషు చలవ కాక మరేమిటని ఉపాధిశాఖ ఒక ప్రశంసాలేఖ పంపింది.

మంత్రిగారు శనివారం హల్ బినో బ్యాండు క్లబ్బు హాల్లో ఈ అంకె స్వయంగా ప్రకటిస్తానన్నారు. అంకె ఒక్కటే చదివితే జనం నమ్మరు, ఒక మనిషిని కూడా చూపించాలన్నారు. డాక్టర్ మామో జాబితా తిరగేసి, స్వభావం గడిలో 'చాలా విధేయుడు' అని ఉన్న ఒక పేరు మీద వేలు పెట్టాడు. ప్రిన్స్ షెర్రీ, వయసు ఆరు, భాష ఇంగ్లీషు మాత్రమే. ఆహ్వానం ఆ రోజే టపాలో వేయించి, పిల్లవాడికి నాలుగు ముక్కలు నేర్పి రమ్మని విస్తిన్‌ని మంగళవారం పంపించాడు.

షెర్రీవారి ఇంటిముందు ఎనభై ఏళ్ళ జీజా కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. విస్తిన్ తల్లికి ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు. విస్తిన్ నిక్కరు వేసుకున్న రోజుల్నించీ ఎరుగును.

"జీజత్తా, ప్రిన్స్ ఉన్నాడా?"

"లోపల పడుకున్నాడు. ఏం నాయనా, ఎవర్నైనా కరిచాడా?"

విస్తిన్ గుమ్మం మీద చతికిలబడ్డాడు. లోపలినించి గోధుమరంగు ప్రిన్స్ ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి ఆయన బూటు వాసన చూసి, గవర్నమెంటుదని తెలుసుకుని, ఆసక్తి పోయి వెళ్ళిపోయింది.

"కుక్కని ఫారంలో రాశావేమిటత్తా?"

"ఇంట్లో ఉండేవాళ్ళందర్నీ రాయమన్నారుగా. ఉండేదే ఇద్దరం. వాణ్ణి రాయకపోతే మూడువందలు నువ్వు కడతావా?"

"అది సరే, కుక్కతో ఇంగ్లీషెందుకు?"

"మాల్టీలో చెబితే వింటుందా? మీ మామయ్యకి నలభై ఏళ్ళు మాల్టీలోనే చెప్పాను. విన్నాడా?"

"పోనీ, ప్రిన్సని ఆ పేరేమిటి?"

"మరి పౌలు అని పెట్టమంటావా? చర్చి మెట్లమీద నిలబడి 'ఒరేయ్ పౌలూ, బూట్లు కొరక్కురా' అని అరిస్తే ఫాదరు ఊరుకుంటాడా? మనకున్న పేర్లన్నీ సెయింట్లవే. కుక్కకి పెట్టడానికి దొరలవే మిగిలాయి. పేరు ఇంగ్లీషైతే మాట ఇంగ్లీషే అవుతుంది. అది నేను పెట్టిన రూలు కాదు, అందరిళ్ళలో ఉన్నదే."

అందరిళ్ళలో అన్న మాట వినగానే విస్తిన్ జాబితా తీశాడు. రాకీలు ముప్ఫై రెండు. మాక్స్‌లు నలభై. లేడీ, డేజీ, డ్యూక్. ప్రిన్స్‌లే పందొమ్మిది. సిమెంటు కొట్టువాడి తాలూకు 'టైగర్ కకియా, వయసు నాలుగు, అవివాహితుడు' దగ్గర కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికి వెళ్ళి సొంత ఫారం నకలు చూశాడు. సాల్వీనా చేతిరాత. 'విస్తిన్ — మాల్టీ. బాబీ — ఇంగ్లీషు మాత్రమే.'

"ఇదేమిటే?"

"ఏం, నీతో ఎప్పుడైనా ఇంగ్లీషు మాట్లాడానా?"

"లేదు."

"బాబీని ఎప్పుడైనా మాల్టీలో తిట్టానా?"

"లేదు. అవన్నీ నాకే."

"మరింకేం. ఉన్నదే రాశాను."

బుధవారమంతా తిరిగి విస్తిన్ లెక్క సరిచూశాడు. ఆరువందల నాలుగు కుక్కలు, అయిదు పిల్లులు, ఒక చిలక, ఒక మనిషి. చిలకని పరీక్షిస్తే మాల్టీలో బూతులు వచ్చని తేలి అనర్హమైంది. మిగిలిన ఆ ఒక్క మనిషీ నిజం ఇంగ్లీషువాడే. ఈ ఊరి పిల్లని చేసుకుని నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. తన పేరు ఆ గడిలో భార్య రాసిందని తెలిసి ఆయన చాలా నొచ్చుకున్నాడు. "నాకు మాల్టీ రాదని ఎవడన్నాడు?" అని మాల్టీలోనే పోట్లాటకొచ్చాడు. ఆ విధంగా హల్ బినోలో ఇంగ్లీషు మాత్రమే వచ్చిన మనుషుల సంఖ్య సున్నా అయింది. పరిజ్ఞానం అనుకున్నదంతా పరిశ్వానం.

గురువారం ఈ సంగతి మనవి చేసుకున్నాడు. డాక్టర్ మామో ఓపిగ్గా విన్నాడు.

"జెరాఫా, ఇప్పుడు కుక్క అన్న మాట నువ్వన్నావు. ఫారంలో ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"ఫారంలో లేనిది దేశంలో లేదు. ఆ పిల్లవాడు కాకపోతే మరో పిల్లవాణ్ణి చూపిద్దాం."

"మరో పిల్లవాడు కూడా కుక్కేనండి."

డాక్టర్ మామో సొరుగు తెరిచి ఒక కాగితం బల్లమీద పెట్టాడు. విస్తిన్ జెరాఫా, కార్యదర్శి. అంతే. బ్రాకెట్లు లేవు. బ్రాకెట్లు లేని తన పేరు అంత నున్నగా ఉంటుందని విస్తిన్‌కి అప్పటిదాకా తెలియదు.

"శనివారం మంత్రిగారి ప్రసంగం అవగానే ఇది నీ చేతిలో పెడతాను. ముసలావిడ రాకుండా చూసుకో. వస్తే నేను చూసుకుంటాను. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏమిటో తెలుసా?"

"ఏమిటండి?"

"ఏమీ చెయ్యకపోవడం. పదకొండేళ్ళుగా చేస్తున్నదే."

జీజాని ఆపడం విస్తిన్ వల్ల కాలేదు. ఆమె అప్పటికే ప్రిన్స్‌కి స్నానం చేయించి, మెడకి క్లబ్బు రంగు రిబ్బను కొనేసింది. ఆమె జన్మలో గవర్నమెంటునించి వచ్చిన మొదటి కాగితం, బిల్లు కానిది, ఆ ఆహ్వానమే.

శనివారం పొద్దున పదిగంటలకి హాలు నిండింది. మంత్రిగారు ఇంగ్లీషులో ప్రసంగించారు. జనం ఎక్కడ తల ఊపాలో అక్కడ ఊపారు. ఎక్కడ అన్నది మంత్రిగారి చెయ్యి లేచినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

"మహాజనులారా, ఈ ఊరి గర్భంలో ఆరువందల పదకొండు రత్నాలు దాగి ఉన్నాయి. పరభాష మైల సోకని గొంతులు. వీరి స్వభావాల గడి చదివి నేను ఒక రాత్రి నిద్రపోలేదు. విశ్వాసపాత్రులు. చెప్పిన మాట వింటారు. ఎదురు చెప్పరు. జీతం అడగరు. చిన్నతనంనించే కాపలా కాస్తారు. ఇటువంటి పౌరుల కోసమే ఏ ప్రభుత్వమైనా కలలు కనేది. దేశంలో ప్రతి పౌరుణ్ణీ ఈ స్థాయికి తీసుకురావడమే మా సంకల్పం."

చప్పట్లు. ప్రిన్స్ షెర్రీని వేదిక మీదికి ఆహ్వానించారు. జీజా నల్లగౌనులో, ప్రిన్స్ రిబ్బనులో, ఇద్దరూ మెట్లెక్కారు. మంత్రిగారు చిరునవ్వుతో వాళ్ళ వెనక చూశారు. ఇంకా వెనక చూశారు.

డాక్టర్ మామో మైకు దగ్గరికి వచ్చాడు. "బాబుకి జ్వరమట. వాళ్ళ కుక్క వచ్చింది."

"జ్వరం నీకు" అంది జీజా. "ప్రిన్స్ వీడే. ఇంట్లో ఉండేది నేనూ వీడూనే. మూడో మనిషి ఉన్నాడని ఊరందరిముందూ అంటావా, విధవముండని పట్టుకుని?"

హాలు గొల్లుమంది. డాక్టర్ మామో ముఖం మారింది. మంత్రిగారి చెవిలో ఏదో చెప్పి, మైకులో ప్రకటించాడు. "ఈ వృద్ధురాలు ప్రభుత్వ ఫారంలో కుక్కని మనిషిగా చూపించి తప్పుడు సమాచారం ఇచ్చింది. చట్టప్రకారం మూడువందల యూరోల జరిమానా విధించబడుతుంది. మిగతా ఆరువందల పది మంది లెక్కలో ఎటువంటి దోషమూ లేదు."

జీజా నోరు తెరిచి మూసింది. ఆవిడ నోరు మూయడం విస్తిన్ తన జన్మలో చూడలేదు. డాక్టర్ మామో కోటుజేబులోంచి బ్రాకెట్లు లేని ఆ కాగితం అంచు కనబడుతోంది. రెండు నిమిషాలు ఊరుకుంటే చేతికొస్తుంది. విస్తిన్ ఒక నిమిషం ఊరుకున్నాడు. రెండోది ఊరుకోలేకపోయాడు.

ఉన్న మెడంతా సాచి లేచి, మైకు అందక, మామూలు గొంతుతో మాల్టీలో చెప్పాడు.

"ఆవిడ నిజమే రాసింది. ఊరంతా నిజమే రాసింది. ఎవరితో ఏ భాషలో మాట్లాడతారో రాయమన్నాం, రాశారు. కన్నవాళ్ళతో, కట్టుకున్నవాళ్ళతో మాల్టీ. కుక్కతో ఇంగ్లీషు. ఆ జాబితాలో ఉన్నవన్నీ కుక్కలే. అయిదు పిల్లులున్నాయి. మా బాబీ కూడా ఉన్నాడు. అబద్ధం రాసినవాడు లేడు. చదివినవాళ్ళం మేము. జరిమానా వేస్తే మాకు వెయ్యండి."

ఆ రోజు హాల్లో అందరికీ అర్థమైన మొదటి ఉపన్యాసం అదే.  వెనక వరసలో సిమెంటు కొట్టువాడు "అయితే మా టైగరుకి ఇంకా పెళ్ళి కాలేదని ప్రభుత్వానికి తెలుసా?" అన్నాడు. ఆపైన అయిదు నిమిషాలు హాలు అదుపులో లేదు. మంత్రిగారు కూడా నవ్వారు. పక్కవాళ్ళు నవ్వుతున్నప్పుడు నవ్వడం మంత్రిపదవికి కనీస అర్హత.

విస్తిన్ వివరణ మాల్టీలో ఇవ్వబడినందున సమావేశపు మినిట్స్‌లో నమోదు కాలేదు. జీజా జరిమానా, నమోదు చేస్తే కారణం రాయవలసివస్తుంది కాబట్టి, రద్దయింది. డాక్టర్ మామో విస్తిన్‌ని ఉద్యోగంలోంచి తీసేద్దామని కాగితం కలం తీసుకున్నాడు. తీసేయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే మంత్రిగారి ఫైల్లో కుక్క దూరుతుంది. ఒకసారి ఫైల్లో దూరిన కుక్క ఎన్నికలదాకా మొరుగుతూనే ఉంటుంది. పోనీ తాత్కాలికంగానే ఉంచుదామంటే, ఉత్తర్వు మీద మంత్రిగారు ముందే సంతకం చేసి ఉన్నారు. గత్యంతరం లేక సోమవారం పొద్దున ఇత్తడి పలక మార్చారు.

నిజం చెప్పి ఉద్యోగం ఖాయం చేయించుకున్న మొదటి ఉద్యోగిగా విస్తిన్ ఆ పొద్దున కొత్త పలక కింద కూర్చుని, శాశ్వత హోదాలో మొదటి పని చేశాడు. 'ఇంగ్లీషు మాత్రమే' గడిలోంచి ఆరువందల పది జీవాల్ని కొట్టేశాడు. పోట్లాటకొచ్చిన ఇంగ్లీషాయన్ని ఆయన కోరిక మీద రెండు భాషల గడిలోకి మార్చాడు. గడి ఖాళీ అయింది. ఖాళీ అయినట్లు, నిబంధన ప్రకారం, నోటీసు అతికించారు.

మధ్యాహ్నానికి ఆఫీసు ముందు వరస కట్టారు. హల్ బినోలో ఉన్న పిల్లలు ఎనిమిదివందల తొంభై మంది. ఆ ఖాళీల కోసం వచ్చిన దరఖాస్తులు తొమ్మిదివందల నాలుగు. తేడా ఎక్కడ వచ్చిందని విచారిస్తే, పద్నాలుగు మంది ఇంకా పుట్టవలసి ఉంది.

వరసలో మొదట రొమీల్డా అనే ఆవిడ, నాలుగేళ్ళ కొడుకుని చెయ్యిపట్టుకుని నిలబడింది. శనివారం హాల్లో అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే.

"ఈ గడి ఖాళీ అయిందట కదండీ, మావాణ్ణి వేసుకోండి."

"నీ కొడుక్కి మాల్టీ వచ్చు కదమ్మా."

"వచ్చండి. మాన్పిస్తున్నాం."

"ఇది కుక్కల గడి అని శనివారం నువ్వూ విన్నావుగా?"

"విన్నానండి. అందుకే పొద్దున్నే వచ్చాను. మంత్రిగారు అంతలా మెచ్చుకున్నాక ఇంకెవరైనా ఊరుకుంటారా?"

"రేపు వాడికి కడుపునొప్పి వస్తే నీతో ఏ భాషలో చెప్పుకుంటాడమ్మా?"

రొమీల్డా ఆలోచించింది. "చెప్పుకోవడం దేనికండీ? చెప్పింది వింటే చాలు."

విస్తిన్ కలం కిందపెట్టాడు. మళ్ళీ తీశాడు. తాత్కాలిక ఉద్యోగి అయితే పనికిరాదని తిప్పిపంపేవాడు. ఇప్పుడాయన శాశ్వతం. నిబంధనల ప్రకారం వచ్చిన దరఖాస్తు కాదనడానికి వీల్లేదు.

తలుపులోంచి చూస్తే వరస వీధి మలుపు తిరిగి ఎక్కడిదాకానో వెళ్ళింది. ముందువైపునుంచి చూస్తే అందరూ హల్ బినోవాళ్ళే. వెనకనుంచి చూస్తే మాత్రం, ఆ నిలబడిన తీరూ, ఆ పిల్లల చేతులు బిగించి పట్టుకున్న తీరూ, అచ్చం మనవాళ్ళే.